దులపకూడని బూజు

లెసోతో కొండల మీద మంచు ఇంకా విడవలేదు.
గాజు పందిట్లో న్తాబెలెంగ్
గంజాయి ఆకుల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతోంది,
బిడ్డ చెవి వెనక మురికి చూసినట్టు.

భూతద్దం కింద సూదిమొనంత ఎర్ర నల్లులు.
ముల్లును ముల్లుతోనే.
పొట్టులో కలిపిన వేట నల్లుల్ని
చిటికెడు చిటికెడు చల్లింది,
ఉప్పు కరువైన ఇంట్లో కూర వండినట్టు.

అది తేలిక.

మొన్నటి వానకి కరెంటు పోయి
రాత్రి రెండింటికి ఫ్యాను ఆగిందట, ఎవరూ చెప్పలేదు.
పదకొండో వరసలో నిండు మొగ్గ ఒకటి
పైకి పచ్చగానే ఉంది,
పక్కనున్న ఒక్క ఆకే వాడింది.
విప్పితే లోపలంతా బూడిద.

కొత్త కుర్రాడు థబాంగ్ ఉఫ్‌మని ఊదబోయాడు.
చెయ్యి అడ్డం పెట్టింది.
ఇల్లనుకున్నావా, బూజు దులపడానికి?
దులిపితే ప్రతి మొగ్గా దాని పుట్టిల్లే.

మొగ్గకి మెల్లగా సంచి తొడిగి
కింద జానెడు మంచి కొమ్మతో సహా కోసింది.
కత్తెరని స్పిరిట్‌లో ముంచింది. మళ్లీ ముంచింది.
గాలి దూరేలా పక్క మొక్కల ఆకులు గిల్లింది.

"ఇంత చిన్నదానికా?" అన్నాడు థబాంగ్.

ఆమె మూతికి గుడ్డ బిగించుకుంది.
దుమ్ము సంగతి ఆమెకెవరూ చెప్పక్కర్లేదు.
మొగుడు పద్నాలుగేళ్లు
బంగారు గనిలో చేశాడు.