తుమ్మితే ముగ్గురు

మీ ఇంట్లో ఎంతమంది? అన్నాడు
ట్యాబు పట్టుకొచ్చిన కుర్రాడు.
నల్లచెరువు మూడో లైను, మిట్టమధ్యాహ్నం,
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని
గడప బయటే నిలబడ్డాడు.
ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీక
వాకిట్లో ఎండబోసిన తాలుకాయల్ని చూశాను.

సీజనుకి పై ఊళ్ళనించి
లారీల్లో దిగిన ఆడవాళ్ళలో మా అమ్మొకతె.
పేరు గాలెమ్మ. దోర్నాల వైపట.
ఎండాకాలం సెలవులని
యార్డు గేటు మూసిన సాయంత్రం
ఆవిడ లారీ ఎక్కింది.
నేను గోతాం మీద నిద్రపోతున్నాను.
అప్పటికి నాకు పది నెలలంటుంది సలోమి.
కాదు, ఏడాది దాటింది, నాలుగు పళ్ళొచ్చాయంటుంది ఖాసింబీ.
ఆ తగువు ఇప్పటికీ తెగలేదు.
అందుకే నాకు పుట్టినరోజు లేదు,
ఏటా రెండుసార్లు పాయసం ఉంది.

సలోమి నన్ను ఎత్తుకొచ్చింది గానీ
ముట్టుకోలేకపోయింది.
పొద్దుటినించి తొడిమలు తీసిన చేతులు
మజ్జిగలో ముంచినా, ఆముదం రాసినా
అర్ధరాత్రి దాకా నిప్పులే.
ఒకసారి మరిచిపోయి నా కన్నీళ్ళు తుడిచిందట,
ఆ రాత్రి లైను లైనంతా లేచి కూర్చుంది.
అప్పుడు గోడవతల మిషను ఆపి
ఖాసింబీ వచ్చింది.
జాకెట్లు కుట్టే చేతులు,
సూదిపోట్లు తప్ప మంట తెలీని చేతులు.
నన్ను తీసుకుంది, తిరిగివ్వలేదు.
ఆర్నెల్లకి మధ్యగోడకి గుమ్మం పడింది.

గోడ కొట్టింది పున్నయ్య.
యార్డులో కాటా గుమస్తా,
వసారాలో అద్దెకుండేవాడు.
అద్దె ఇవ్వడం ఆయన ఎప్పుడు మానేశాడో
అడగడం వీళ్ళెప్పుడు మానేశారో
ఎవరికీ గుర్తులేదు.
నెలకోసారి నన్ను కాటా మీద కూర్చోబెట్టి
పద్దుల పుస్తకంలో రాసుకునేవాడు.
రైతు బస్తాకి తరుగు తీసే మనిషి
నా బరువులో ఎన్నడూ తరుగు తీయలేదు.

బడిలో ఇంటిపేరు అడిగితే
నాకు తుమ్మొచ్చింది.
అందరూ నవ్వారు.
అది జవాబేనని అప్పుడు తోచలేదు.

మా ఇంట్లో గాలే కారం.
నేను తుమ్మితే
పొయ్యి దగ్గర్నించి యేసయ్యా,
మిషను దగ్గర్నించి యర్హముకల్లా,
వసారాలోంచి చిరంజీవ.
ఆ వరసలోనే, ఎప్పుడూ.
మూడూ వస్తాయో లేదోనని
దొంగతుమ్ములు కూడా తుమ్మేదాన్ని.

పున్నయ్య పోయాక
ఇద్దరి మాటా అయిపోయిన చోట ఒక ఖాళీ.
పన్నూడిన చోటికి నాలుక పోయినట్టు
ముగ్గురం అందులోకి పోయేవాళ్ళం.
కొన్నాళ్ళు తుమ్ములు ఆపుకున్నాను.

పోయినేడు గాలెమ్మ వచ్చింది.
పద్దెనిమిదేళ్ళకి. చేతిలో చిన్న సంచి.
క్షమించమనలేదు. నేనూ ఏమీ అనలేదు.
సలోమి తిట్టింది, గంటసేపు,
తిట్టి తిట్టి, అన్నం తిన్నావా అంది.
ఖాసింబీ ఆ రోజంతా మిషను ఆపలేదు.
చీకటి పడ్డాక లేచి
పున్నయ్య మంచం దులిపి వసారాలో వాల్చింది.
ఆవిణ్ణి ఏమని పిలవాలో నాకింకా తెలీదు.
ఇదిగో, అంటాను.
ఆఁ, అంటుంది.

ట్యాబు కుర్రాడు విసుక్కోలేదు పాపం.
ఇంటి యజమాని? అన్నాడు.
సలోమి ఖాసింబీని చూపించింది,
ఖాసింబీ సలోమిని.
మీకేమవుతారు? అన్నాడు నన్ను.
అతని వేలికింద వరసలు జారుతున్నాయి:
భార్య, కొడుకు, కోడలు, అత్త, ఇతరులు.
చెప్పబోయాను.
తాలుకాయల మీంచి గాలి ఇటు తిరిగింది.
తుమ్మాను.

యేసయ్యా.
యర్హముకల్లా.

తర్వాతి ఖాళీలోకి
బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా,
అద్దె బాకీ ఉన్న గొంతుతో
వసారాలోంచి,
చిరంజీవ.

అప్పుడు కుర్రాడూ తుమ్మాడు.
సలోమి మంచినీళ్ళకి లేచింది.