గళ్ల పట్టిక

ఒకే నాటకం, ముప్పై ఒక్క మంది బాణీలు.
రెండో అంకం చివర వాడు “పోతున్నా” అంటాడు.
నేపుల్స్‌లో ఒకాయన ఆ మాటని
పదకొండు ఆవర్తాలు సాగదీశాడు.
వెనిస్ ఆయన
అది నోట రాకముందే వయొలిన్లన్నీ ఆపించేశాడు.

ఇక్కడ విశాఖలో, పాతపోస్టాఫీసు వెనక,
కాగితాల మీద పడ్డ పోర్టు ఇనపధూళి ఊదుకుంటూ
నేను గళ్లు నింపుతున్నాను:
శ్రుతి, తాళం, ఏ ఊరు, ఏ ఏడు,
పాడిందెవరు.

మధ్యాహ్నం నూకరత్నం
చివరి రెండు కవ్వళ్లూ ఊరికే ఇచ్చేసింది.
పడవ అమ్మేశారట.
రేపట్నించి ఈ వీధికి రాదట.
ఖాళీ తట్ట చంకన పెట్టుకుని
“ఎల్లొస్తానమ్మా” అంది,
రోజూలాగే.

ఆ “ఒస్తా” దగ్గర
గొంతు ఎంత దిగిందో రాద్దామంటే
గడి లేదు.
చేపనీచు చేతులతోనే
స్కేలు వెతుకుతున్నాను.