మైనస్ రెండు

గిటార్ రోడెల్‌ది.
మనీలా పోయే రోజు, నాకు బాకీ ఉన్న పదిహేను దినార్ల కింద
చెప్పకుండ నా మంచం మీద పెట్టి పోయిండు.
సముద్రపు తేమకు తీగెలు తుప్పు పట్టినయి,
ఆరోది లేనే లేదు.
మూడు నెలలు ఆ అయిదింటితోనే నేర్చుకున్న.
తర్వాత కొని కట్టిన గని
ఆరో తీగె ఇప్పటికీ చుట్టం లెక్కనే,
అందరు కూసున్నంక వచ్చి అంచుకు కూసుంటది.

ఆంప్, జుఫేర్‌ల మూతపడ్డ హోటల్ బారుది.
ఏసీ డక్టులు విప్పనీకి పోతే
విరిగిన కుర్చీల నడుమ బోర్ల పడి ఉంది.
ముందట బట్టకు సిగరెట్ కాలిన బొక్క.
అది నూటపది వోల్టులకు పుట్టింది,
మా గోడల రెండువందల ముప్పై ఉన్నదని
పొగ లేసినంకనే ఇద్దరికీ తెలిసింది.
ట్రాన్స్‌ఫార్మర్ నేనే మళ్ళ చుట్టిన.
సిరిసిల్లల కండెలకు నూలు చుట్టిన చెయ్యి ఇది,
పోగు ఎక్కడ పలచబడ్డదో చూడకుండనే చెప్తది.
రాగితీగె దానికొక లెక్కనా!

ఫజ్ పెడల్ ట్యూనా డబ్బాల కట్టిన.
మూత మీద నీలం చేప ఇంకా నవ్వుతనే ఉంది.
లోపలి ట్రాన్సిస్టర్ ఏదో పాత రేడియోది,
ఎండ ముదిరితే దానికి గొంతు పూడుకపోతది,
ఆగష్టుల దగ్గుడే తప్ప పాట లేదు.

డిలే ఒక్కటే కొత్తది. రెండు నెలల ఓవర్‌టైమ్.
ఎల్లదాసు అటు తిప్పి ఇటు తిప్పి అడిగిండు:
"గింత పెట్టి కొన్నవ్, ఏం చేస్తది?"
"అన్నదే మళ్ళ మళ్ళ అంటది."
"దానికి మన సూపర్‌వైజర్ లేడా, పుక్కట్నే!"

గదిల ఆరుగురం, మూడు షిఫ్టులు.
ఎప్పుడు చూసినా ఎవడో ఒకడు నిద్రల ఉంటడు.
వైరు పెట్టకుండ గోకుడే,
బియ్యంల రాళ్ళేరినంత చప్పుడు.

సిత్రాల చేపల కోల్డ్‌స్టోర్ ఉంది.
కంప్రెషర్ చూసేది నేను, తాళాలు షాహుల్ దగ్గర.
శుక్రవారం సరుకు రాకముందు
చిన్న గది గంటన్నర ఖాళీ.
జానెడు మందం గోడలు, చల్లదనం కోసం కట్టినవి,
చప్పుడును గూడ బయటికి పోనియ్యవు.
ఈ ఊరంతట నేను గట్టిగ ఉండగలిగిన జాగ అదొక్కటే.

బయట నలభై ఆరు. లోపల మైనస్ రెండు.
మొదటిసారి బయట శ్రుతి చేసుకొని పోయిన.
పావుగంటల తీగెలన్నీ బిగుసుకొని పైకెక్కినయి,
ఏ మరా తిప్పకముందే.
మెల్లగ తెలిసింది.
ఇప్పుడు బయట కావాలనే తప్పుగ బిగిస్త,
ఏ తీగెకు ఎంత తప్పు కావాల్నో వేలికి ఎరుక.
మెట్ల మీద ఎవరన్న వింటే నవ్వుతరు.
నవ్వనీ.

జాకెట్ ఏసుకొని, వేళ్ళు కోసిన గ్లౌజులతోని
ఖాళీ చేపల డబ్బా మీద కూసుంట.
ఆంప్ మీద ట్రెమొలో మర నాలుగు దాటిస్తే
సాంచెలు నడుస్తయి.
మా వాడ రాత్రి రెండింటికి నడిచినట్టే,
గని నూలు లేదు, బీము లేదు, సేటు లేడు.
నోట్లకెళ్ళి పొగ వస్తది, పాటకు ముందు.
డిలే దాన్ని వెనుకకు జరిపి జరిపి
ఐసు గడ్డల మీద ఆరేస్తది.

ఫోన్ల పట్టి ఒకటి నెట్‌ల పెట్టిన.
పద్నాలుగు సార్లు విన్నరు.
తొమ్మిది నేనే.
మిగిలిన అయిదు ఎవరో ఎరుక లేదు,
అందుకే రెండోది చేస్తున్న.

తలుపు తియ్యంగనే గిటారుకు చెమట పడుతది,
మెడ పొడుగూ నీళ్ళు.
పాత దుప్పట్ల పసిపిల్ల లెక్క చుట్టి
కంపెనీ బస్సుల ఒళ్ళె పెట్టుకున్న.
పక్కన కూసున్న కొత్తాయన ముక్కు మూసుకొని అడిగిండు:
"ఏం చేప అన్నా?"

"ఆరు ముళ్ళది" అన్న.