ముందు మోకాళ్ళు

తోలేగెన్ కారు నా షెడ్డు ముందు
పొట్ట నేలకానించి పడి ఉంది, మూడు రోజులుగా.
ఇంగ్లండులో పుట్టి, మూడు చేతులు మారి,
కాస్పియన్ ఉప్పుగాలి తింటూ
అక్తావ్ దాకా వచ్చిన కారు.
స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల మీదా గాలితిత్తులు.
ఏ తిత్తికి ఎప్పుడెంత ఊపిరి కావాలో
సీటు కింది డబ్బా ఒక్కదానికే తెలుసు.
ఆ డబ్బాకిప్పుడు మతి తప్పింది.

కొత్తది తెప్పించుకోమన్నాను.
"దాని ధరకి రెండు ఒంటెలొస్తాయి జౌరేష్,
పైగా ఒంటెకి కంప్యూటరు అక్కర్లేదు."
సరే, అయితే చేత్తోనే ఆడించుకో.

డబ్బా ప్లగ్గు పీకేశాను.
ఒక్కో వాల్వుకీ బ్యాటరీ తగిలించి చెవి ఆనించాను.
టిక్. టిక్. టిక్.
నాలుగోది నోరు మెదపలేదు.
విప్పితే లోపల రబ్బరు రింగు
ఎండు ఆప్రికాట్‌లా ముడుచుకుపోయి ఉంది.

రెండు రాత్రులు టంకం పొగలో కూర్చున్నాను.
తిత్తిలోకి గాలి రావాలంటే రెండు తలుపులు తెరవాలి,
చక్రం దగ్గరిదొకటి, ట్యాంకు దగ్గరిదొకటి.
పోవాలన్నా రెండే, కానీ ఆ రెండోది వేరు.
ఒక్క వేలికి రెండూ తెరుచుకోవాలి,
పక్క చక్రం తలుపు మాత్రం ఉలకకూడదు.
అందుకని దారి దారికీ ఒక డయోడు:
పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు,
కాయితాలు అడగదు కూడా.

వేలు తియ్యగానే మధ్యకి వచ్చేసే
స్విచ్చిలే పెట్టాను, నాలుగూ.
మనిషి మరిచిపోతాడు.
స్విచ్చి మరిచిపోకూడదు.

"ఇక దీనికి తన ఎత్తు తనకి తెలీదు," చెప్పాను.
"ఎక్కువసేపు నొక్కావా, తిత్తి పగులుతుంది.
దించేసి గతుకుల్లో తోలావా, నలిగి చస్తుంది.
టైరుకీ పై రెక్కకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి.
నీ వేళ్ళు కాదు. నా వేళ్ళు."

అప్పుడొచ్చింది వాళ్ళ నాయనమ్మ కెంజెగుల్,
మోకాళ్ళ సూదికి ఆస్పత్రికి పోవాలని.
పీట వేస్తే ఎక్కదు, ఎత్తుకుంటే ఒప్పుకోదు.
కారు ముందు నిలబడి చేతికర్రతో నేలమీద కొట్టి
"షోక్!" అంది.
ఒంటెని కూర్చోమనే మాట అది.

తోలేగెన్ నవ్వుతూ వెనక స్విచ్చిలు రెండూ నొక్కాడు.
ఉస్సురంటూ కారు వెనక్కి చతికిలబడింది.
ఆవిడ అడుగు కదపలేదు.
"ఏ ఒంటైనా పిర్రలు ముందానిస్తుందిరా?
ముందు మోకాళ్ళు. తరవాత తక్కింది.
లేచేటప్పుడు వెనక భాగం ముందు లేస్తుంది.
ఇదా నువ్వు నేర్చిన డ్రైవింగు?"

మళ్ళీ లేపాం. మళ్ళీ దించాం, ఆవిడ చెప్పిన వరసలో.
ఎక్కి కూర్చుంది.
నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి
వెనక స్విచ్చిల మీద వేలు వెయ్యబోతున్నాను,
ఇంకా నొక్కలేదు,
అప్పటికే ఆవిడ నడుము వెనక్కి వాలింది.
అరవై ఏళ్ళుగా ఒంటె ఎక్కని నడుము.

సాయంత్రం, గ్రీజు మరకల మాన్యువల్ తిరగేస్తుంటే
ఒక మూల చిన్న అక్షరాల్లో కనపడింది:
పైకి లేచేటప్పుడు ముందుగా వెనక చక్రాలు,
దిగేటప్పుడు ముందుగా ముందు చక్రాలు.
ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో దీపాలు కొట్టకుండా, ట.
మతి తప్పిందని పీకేసిన డబ్బాకి
ఈ సంగతి మొదట్నించీ తెలుసన్నమాట.
పారేయబుద్ధి కాక అలమరలో పెట్టాను.

ముందు స్విచ్చిలు రెండింటికీ
నా గోళ్ళరంగు చుక్కలు పెట్టిచ్చాను, ఎర్రవి.
కూలి సగం డబ్బు, సగం పులిసిన ఒంటెపాల క్యాను.
కుడి వెనక తిత్తి ఇంకా కాస్త కారుతూనే ఉంది.
"రోజూ పొద్దున్నే దానికి రెండు సెకన్లు ఊదు," అన్నాను.
"మరిచిపోతే?"
"కారు కుడివైపుకి ఒరిగి నిలబడుతుంది.
మీ నాయనమ్మ చూసి చెబుతుందిలే."