కొర్లగుంట, గంటకు ముప్పై

కరెంటు పోయినప్పుడే తెలుస్తాది
ఎవురు దేనికి ఆడతాండారో.

చెంగల్రాయుడు టేబుల్ గుద్దుతాడు:
ఇంకొకణ్ణి లేపేసింటే ఫస్టు ర్యాంకంట.
ఖాజా మాత్రం నిమ్మళంగా ఉండాడు.
మూడు వారాలుగా తుపాకీ ఎత్తింది లేదు వాడు,
మ్యాపు చివర సముద్రం ఏడ తెగిపోతాదో
చూడాలని నడస్తానే ఉండాడు.

కొండమీద రాత్రి డ్యూటీ చేసి దిగొచ్చిన హేమాద్రి
స్క్రీను మీద టమోటా నాటుకుంటాడు.
మదనపల్లె మార్కెట్టు బయట
వాళ్ల నాయన పారబోసిన ట్రాక్టరు సంగతి
ఎప్పుడో ఒకసారి చెప్పినాడు, మళ్లీ ఎత్తలేదు.

పవిత్ర చీకట్లో కూడా హెడ్‌సెట్ తీయదు.
గెలుపుతో పనిలేదు ఆ పిల్లకు,
ఎవరో "అక్కా, వచ్చినావా" అంటే చాలు.

కరెంటొచ్చింది.
నలుగురూ నీలంగా వెలిగినారు.
నేనా? ఇంతవరకూ ఒక్క ఆటా ఆడలేదు.
నోటుబుక్కులో ముప్పై, అరవై, తొంభై...
ఇంకొకడొస్తే
పోయిన నెలను దాటేస్తా.