నాలుగింటికల్లా వెనక్కి

మందుల చీటీ వెనక రాసిచ్చాను
మూడు రోజుల ప్రోగ్రాం.
అడిగింది మీరే దానయ్యగారూ,
రైల్వే ఆసుపత్రి ముందు
నా ఆటోలో ఒక కాలు పెట్టి, ఒక కాలు రోడ్డు మీదే ఉంచి:
"తమ్ముణ్ణి చూడనిచ్చేది నాలుగు నుంచి ఆరు.
మిగతా పొద్దంతా ఏం చెయ్యమంటావు నాగూల్‌మీరా?
ఇంటి దగ్గరా లేను, వాడి దగ్గరా లేను,
రెంటికీ చెడ్డ రేవణ్ణి."

వైజాగు హార్బర్లో ముప్పై రెండేళ్లు
క్రేను మీద కూచున్న మనిషి.
ఊరు చూపించమని అనలేదు,
"మీ రేవేదీ?" అన్నారు.

ఏం చెప్పను?
మాకు రేవంటే నాలుగు మెట్లు.
బట్టలుతికే రేవు, గేదెల్ని కడిగే రేవు,
అవతల సీతానగరానికి పడవెక్కే రేవు.
ఇప్పుడన్నీ ఘాట్లయ్యాయి, టైల్సు పరిచారు.
జారిపడేది మాత్రం పాతవాళ్లమే.

మొదటి రోజు ఉండవల్లి.
బ్యారేజీ మీంచి పోనిచ్చాను. డెబ్బై గేట్లు,
లెక్కపెట్టుకోండి, నాకెప్పుడూ మధ్యలో తప్పుతుంది.
కొండని తొలిచి గుళ్లు చేశారు,
పైన చీకట్లో రాతిస్వామి పడుకుని ఉంటాడు.
అందరూ మొహం చూస్తారు.
మీరు పాదాల దగ్గర చాలాసేపు నిలబడి
"ఈయనకీ పక్క మార్చేవాళ్లు లేరు" అన్నారు.
అక్కడున్న కుర్ర గైడు నవ్వబోయి
మీ మొహం చూసి మానుకున్నాడు.
మూడుంబావుకే బయల్దేరదీశారు.
ట్రాఫిక్కులో, బ్యారేజీ మధ్యలో,
"అరవై తొమ్మిదే వచ్చాయి" అన్నారు.

రెండో రోజు ఫెర్రీ సంగమం, ఆపైన కొండపల్లి.
సంగమంలో దిగలేదు మీరు, "బురద" అన్నారు.
కొండపల్లిలో నాంచారమ్మ ఏనుగు అంబారీకి
పసుపు రంగు వేస్తోంది.
"క్రేను బొమ్మ చెయ్యరా మీరు?"
"ఎట్టా ఉంటదో గీసి చూపించు బాబాయ్."
సుద్దముక్కతో నేల మీద గీశారు:
పొడుగు కాళ్లు, వంగిన మెడ, చివర కొక్కెం.
ఆవిడ తల పక్కకి వాల్చి చూసి
"ఓస్, కొంగ!" అని లోపల్నించి ఒకటి తెచ్చిచ్చింది.
పొణికి కర్ర కదా, అరచేతిలో బరువే లేదు.
తొంభై రూపాయలు, బేరమాడలేదు.
ఎల్లాజీ మంచం పక్కన, గ్లూకోజు స్టాండు కింద
దాన్ని నిలబెట్టారని నర్సమ్మ చెప్పింది.

మూడో రోజుకి హంసలదీవి అని రాసి
నేనే కొట్టేశాను. అవనిగడ్డ దాకా బస్సు,
అక్కణ్ణుంచి ఇంకా ఇంకా లోపలికి,
కృష్ణ ఉప్పవుతున్న చోటికి.
నాలుగింటికల్లా వెనక్కి రాలేం.
"సముద్రం మా దొడ్డి వెనకే ఉంది,
దానికోసం బెజవాడ రావాలా?" అన్నారు,
కానీ ఆ కొట్టేసిన గీత మీద
బొటనవేలు రెండుసార్లు రాశారు.

అందుకే చీటీలో లేని చోటికి తిప్పాను. కాలవ లాకులు.
మా తాత నడుముకి తాడు కట్టుకుని
బందరు కాలవ గట్టున పడవ లాగాడు,
పొగాకు బేళ్లు, బియ్యం, ఒకోసారి పెళ్లివారు.
లాకు తలుపులు తెరిచేదాకా
నీళ్లు సమానమయ్యేదాకా ఆగాలట.
తొందరపడితే పడవ విరుగుతుందట.
మీరు వినడం లేదు.
తుప్పు పట్టిన పళ్లచక్రం దగ్గరికి వెళ్లి
చెయ్యి వేసి, తిప్పి చూసి (తిరగలేదు)
"గ్రీజు పెట్టి ఎన్నాళ్లయింది?" అని
అరిచినంత గట్టిగా అడిగారు.
సమాధానానికి అక్కడ గుర్రపుడెక్క తప్ప ఎవరూ లేరు.
చేతిరుమాలంతా ఎర్రగా అయింది.
"ఇదీ రేవేనయ్యా" అన్నారు చివరికి.

ఇవాళ మూడు నలభైకి గేటు ముందు ఆపాను.
ఆరింటికి మీరు బయటికొచ్చేసరికి
నేనింకా అక్కడే ఉన్నాను, మీటరు వెయ్యలేదు.
ఇంకో వారం ఉంచాలన్నారట.
కొత్త చీటీ చేతికిచ్చారు నాకు.
ముందువైపు చదవలేదు నేను, నాకెందుకు.
వెనక తెల్లగా ఉంది.
పెన్ను మీ జేబులోదే ఇవ్వండి,
నాది నిన్న కొండపల్లిలో పోయింది.