బండి ఖాళీ లేదు

తెల్లారగట్ల నాలుగున్నరకి
కంచరపాలెం మెట్టు మీద ఆటో తుడుస్తుంటే
వెనక సీట్లో ముందే ఎక్కి కూర్చుంది చిల్లర.
ఇరవై రూపాయలు ఇవ్వాల్సిన ఒకాయన
"చిల్లర లేదు, ఇది ఉంచు" అని
అట్టపెట్టె చేతిలో పెట్టి పోయిన రాత్రి నుంచీ
దాని పేరు అదే.
తొమ్మిదేళ్ళయింది. ఆయన మళ్ళీ కనపడలేదు.
బాకీ తీరిందనే అనుకుంటున్నాను.

"కుక్కని షికారు తిప్పడానికి గ్యాసు తగలెడతావేటి?"
అంది మా పైడమ్మ, క్యారేజీ అందిస్తూ.
క్యారేజీ మాత్రం రెండు గిన్నెలది.
కింది గిన్నెలో ఉప్పెయ్యని అన్నం.

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరిని తిప్పుతున్నాను,
కాంప్లెక్సు నుంచి కేజీహెచ్‌కి,
కేజీహెచ్ నుంచి స్టేషనుకి.
సముద్రం ఓసారి ఎడమ భుజానికి, ఓసారి కుడి భుజానికి
రాసుకుని పోయేదే గాని
దిగి ఎదురుగా నిలబడింది లేదు.

హనుమంతవాక దగ్గర ఇద్దరు చెయ్యెత్తారు.
"రుషికొండ?"
"ఖాళీ లేదండి."
వాళ్ళు లోపలికి తొంగి చూశారు.
చిల్లర బయటికి తొంగి చూసింది.
ఎవరూ ఏమీ అనలేదు.

అద్దంలో దాని చెవులు గాలికి వెనక్కి పడ్డాయి.
ఎక్కినవాళ్ళంతా ఫోన్లోకే చూస్తారు.
అద్దంలో నా కళ్ళు కలిపిన ప్యాసింజరు
ఇదొక్కతే.

మంగమారిపేటలో వల లాగుతున్నారు.
గుప్పెడు నెత్తళ్ళడిగితే
ఎర్రయ్యట, ముసలాయన, డబ్బు పుచ్చుకోలేదు.
"దాని మొకం చూసి ఇస్తన్నాను,
నీ మొకం చూసి కాదు."

ఎర్రమట్టి దిబ్బల్లోకి తెల్లకుక్కగా పరిగెత్తి
ఇటుక రంగులో తిరిగొచ్చింది.
సీటు కవరు కొత్తది. తిట్టాను.
తిట్టినంతసేపూ తోక ఊపింది,
కిరాయి బేరమనుకుందేమో.

భీమిలి దాటాక గోస్తనీ వంతెన మీద ఆగాను,
నది ఎక్కడ అయిపోతుందో చూద్దామని.
ఇటో రంగు నీళ్ళు, అటో రంగు నీళ్ళు,
మధ్య గీతని
ఎవరో గీస్తూనే చెరుపుతున్నారు.
వెనక లారీ హారన్ కొట్టింది. కదిలాను.

మకాం సరుగుడు తోటలో.
టెంటంటే మరేం లేదు, వానకి కట్టే పరదాయే;
ఓ కొస ఆటో రాడ్డుకి, ఓ కొస చెట్టుకి.
మూడు రాళ్ళు, ఎండు సరుగుడు, మంట.
నెత్తళ్ళు సగం మాడాయి.
మాడినవి నావి.

చీకటి పడ్డాక తెలిసింది,
మా ఇద్దరికీ నిద్ర పట్టదని.
కంచరపాలెంలో రాత్రంతా గూడ్సు బళ్ళు
గోడని కదుపుతూ పోతాయి.
ఇక్కడ సరుగుడు చెట్లు ఊ కొడుతున్నాయి,
ఎవరి కథకో తెలీదు.
చిల్లర నాలుగుసార్లు పరదా చుట్టూ తిరిగింది,
ఏమీ లేని దిక్కుకి మొరిగింది,
వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆన్చి
వణికింది.

ఏం చెయ్యను?
హ్యాండిలు లాగి ఇంజను స్టార్టు చేశాను.
డుగుడుగుమంది తోటంతా. కీచురాళ్ళు నోరు మూశాయి.
కదలని బండిలో, వెనక సీటు మీద,
మూడు నిమిషాల్లో గుర్రు పెట్టింది.
మీటరు వెయ్యలేదు గాని
గ్యాసు ఎంత కాలిందో పైడమ్మకి చెప్పను.
ఇంజను ఆపాక కూడా
దాని ఊపిరి కాసేపు అలాగే నడిచింది.
నేనూ ఎక్కేశాను.

పొద్దున్నే జీడిమామిడి పళ్ళ తట్టతో
ఒకామె వచ్చి పరదా దగ్గర నిలబడింది.
"బాబూ, భీమిలి వస్తావేటి? బేగెళ్ళాల."
ఖాళీ లేదనబోయాను.
చిల్లర ఆమెని చూసింది, తట్టని చూసింది,
లేచి, ఒళ్ళు విరుచుకుని,
ఓ పక్కకి జరిగింది.

వంతెన దాకా ఎవరం మాట్లాడలేదు.
అప్పుడామె కొంగుముడి విప్పుకుంటూ
"వంద నోటే ఉంది నాయనా,
చిల్లరుందా నీ దగ్గర?" అంది.

ఉందమ్మా.
నీ పక్కనే కూర్చుంది.